‘మా పరిధిలో లేదు’ అనేవాళ్లకు ఐదో షెడ్యూలు చదివి వినిపిద్దాం



పోస్టు పెద్దదే. రాత్రి మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. టైప్ చేసింది ఒక్కరే అయినా, మాట మాత్రం మా హాస్టల్లో పది పన్నెండు మందిమి కూర్చుని అనుకున్నది. అందుకే ‘మేము’ అని రాస్తున్నాం. మాలో చాలామంది ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా అమ్మానాన్నలు ఆఫీసు గడప దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్లేవాళ్లు. లోపల సారు ‘అది మా పరిధిలో లేదు’ అంటే దండం పెట్టి తిరిగొచ్చేవాళ్లు. మేము చెప్పులు విప్పడం మానేశాం గానీ, తిరిగి రావడం మాత్రం మానలేదు. దాని గురించే ఈ పోస్టు.

మాలో ఒకడి ఊరు కొండ మీద. కింద తారురోడ్డు దాకా అడవిలోంచి కిలోమీటరున్నర కాలిబాట. పోయిన వానాకాలం వాళ్ల అక్కకి నొప్పులొస్తే డోలీ కట్టి దించారు. 108 బండి తారురోడ్డు మీదే ఆగి ఉంది. తల్లీ బిడ్డా బతికారు, అది మా అదృష్టం. అన్ని ఊళ్లకీ ఆ అదృష్టం లేదని ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అంతకుముందే ఆ రోడ్డు కోసం ఊరోళ్లు మూడుసార్లు అర్జీ పెట్టారు. పంచాయతీలో అడిగితే మండలానికి వెళ్లమన్నారు. మండలంలో అడిగితే ‘రోడ్డు వేయడానికి మేం రెడీ, ఫారెస్టు వాళ్లు ఒప్పుకోవడం లేదు’ అన్నారు. ఫారెస్టు ఆఫీసులో అడిగితే ‘అడవి కేంద్రం చేతిలో ఉంటుంది, ఢిల్లీ నుంచి అనుమతి రావాలి, మా పరిధిలో లేదు’ అన్నారు. ఢిల్లీ మాట వినగానే ఊరి పెద్దలు లేచి వచ్చేశారు. ఢిల్లీలో ఎవర్ని కలవాలో, ఏమని అడగాలో వాళ్లకెలా తెలుస్తుంది?

సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే మేము కూడా నమ్మాం. మాలో ఇద్దరు ఇంటర్‌లో సివిక్స్ చదివారు. ఒకడు గ్రూప్-2 కోచింగ్ మెటీరియల్ మొత్తం బట్టీ కొట్టాడు. ఏడో షెడ్యూలులో మూడు జాబితాలు, మొదట్లో కేంద్ర జాబితాలో 97 అంశాలు, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 అని నిద్రలో అడిగినా చెప్తాడు. కానీ ఆ మూడు అంకెలకీ వాళ్ల ఊరి కాలిబాటకీ సంబంధం ఉందని వాడికి ఎవరూ చెప్పలేదు. బిట్టు పేపర్లో ఒక మార్కు. అంతవరకే.

సంబంధం ఉంది. ముందు అడవి సంగతి చూద్దాం. రాజ్యాంగం రాసినప్పుడు అడవి రాష్ట్ర జాబితాలో ఉండేది. చదువు కూడా అక్కడే ఉండేది. 1976లో, ఎమర్జెన్సీ కాలంలో, 42వ సవరణ చేసి ఈ రెండింటినీ ఉమ్మడి జాబితాలోకి మార్చారు. అంటే మన బడి, మన అడవి ఒకే దెబ్బకి ఇద్దరి చేతుల్లోకి వెళ్లాయి. ఉమ్మడి జాబితాలోని వాటి మీద కేంద్రమూ చట్టం చేయొచ్చు, రాష్ట్రమూ చేయొచ్చు. రెండు చట్టాలకీ పొసగకపోతే మామూలుగా కేంద్రం చేసిందే నిలుస్తుంది. తర్వాత 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. అడవి భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలన్నది ఆ చట్టం. ఫారెస్టు సారు చెప్పిన ఢిల్లీ మాట అక్కడి నుంచి వచ్చిందే. పచ్చి అబద్ధమని మేము అనడం లేదు.

కానీ సారు సగమే చెప్పారు. మిగతా సగం అదే కేంద్రం, అదే పార్లమెంటు 2006లో చేసిన అటవీ హక్కుల చట్టంలో ఉంది. సెక్షన్ 3, సబ్‌సెక్షన్ 2. గ్రూపులో అందరూ ఒక్కసారి తెరిచి చూడండి. 1980 చట్టంలో ఏమున్నా సరే, ఊరికి కావలసిన 13 రకాల సౌకర్యాల కోసం అడవి భూమి ఇవ్వొచ్చని అందులో రాసి ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, మంచినీళ్లు, చెరువు, రోడ్డు అన్నీ ఆ 13లో ఉన్నాయి. షరతులు ఏంటంటే, ఒక్కో పనికి భూమి ఒక హెక్టారు లోపు ఉండాలి. హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు చేయాలి. అంతే. అనుమతి డీఎఫ్‌వో స్థాయిలోనే ఇవ్వొచ్చు, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క వేయండి. హెక్టారు అంటే పదివేల చదరపు మీటర్లు. ఆరు మీటర్ల వెడల్పుతో కిలోమీటరున్నర రోడ్డు వేస్తే తొమ్మిది వేల చదరపు మీటర్లు. హెక్టారు లోపే. డోలీ కట్టిన ఆ బాట మీద రోడ్డు పడటానికి అడ్డుగా ఉన్నది ఢిల్లీ కాదు. గ్రామసభ తీర్మానం అనే కాగితం లేకపోవడం, ఆ కాగితం కావాలని ఊరికి ఎవరూ చెప్పకపోవడం. మూడుసార్లు అర్జీ పెట్టించుకున్న ఆఫీసుల్లో ఒక్కరికైనా ఈ సెక్షన్ తెలియదా? తెలియకపోతే వాళ్లు ఆ కుర్చీలో ఎందుకున్నట్టు? తెలిసీ చెప్పకపోతే దాన్నేమనాలి?

సమాఖ్య అంటే అధికారాన్ని పంచి పెట్టడం అని మన పాఠ్యపుస్తకం. ఒక్కడి చేతిలోనే అంతా ఉంటే జనం నలిగిపోతారు కాబట్టి కేంద్రానికి కొంత, రాష్ట్రానికి కొంత, ఊరికి కొంత పంచారు. ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు ఉండాలన్నది దాని ఉద్దేశం. మైదానంలో, చదువుకున్నోళ్ల ఊళ్లల్లో అది కొంత అలాగే నడుస్తుందేమో. మన దగ్గరకి వచ్చేసరికి ప్రతి తలుపూ పక్క తలుపుని చూపించడానికే ఉంది. పంచుకున్నది అధికారాన్ని కాదు, తప్పించుకునే సాకుని.

ఈ సాకు మిగతా చోట్ల ఎంత చెల్లుతుందో మాకు తెలియదు గానీ, షెడ్యూల్డ్ ప్రాంతంలో మాత్రం అసలు చెల్లకూడదు. ఎందుకో చెప్తాం.

రాజ్యాంగం 244వ అధికరణం కింద ఐదో షెడ్యూలు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ఈ పది రాష్ట్రాల్లోని షెడ్యూల్డ్ ప్రాంతాలకు అది వర్తిస్తుంది. మొత్తం ఏడు పేరాలే. మన మెస్ మెనూ బోర్డు కంటే కాస్త పెద్దది, అంతే. అందులో మూడో పేరా చూడండి. గవర్నర్ ఏటా, లేదా రాష్ట్రపతి అడిగినప్పుడల్లా, షెడ్యూల్డ్ ప్రాంతాల పరిపాలన మీద రాష్ట్రపతికి రిపోర్టు ఇవ్వాలి. అదే పేరాలో ఇంకో మాట ఉంది. ఆ ప్రాంతాల పరిపాలన గురించి రాష్ట్రానికి ఆదేశాలు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంటుంది. అంటే మన ఏజెన్సీ గురించి అడిగినప్పుడు కేంద్రం ‘అది రాష్ట్రం చూసుకోవాలి, మా పరిధిలో లేదు’ అని చేతులు దులుపుకునే వీల్లేదు.

ఇప్పుడు ఐదో పేరా. పార్లమెంటు చేసిన చట్టమైనా, అసెంబ్లీ చేసిన చట్టమైనా షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గానీ, కొన్ని మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు. భూమి చేతులు మారకుండా ఆపడానికి, వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి రెగ్యులేషన్లు చేయొచ్చు. వాటికి గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. అంటే ‘అది కేంద్ర చట్టం, మేమేం చేయలేం’ అని రాష్ట్రం కూడా మొదటి రోజే చేతులెత్తేయడానికి లేదు. రెండు ప్రభుత్వాల సాకునీ ఒకే షెడ్యూలు మూసేసింది. ఇంత ముఖ్యమైన సంగతి మన పుస్తకాల్లో ఎంత ఉంది? ‘ఐదో షెడ్యూలు – గిరిజన ప్రాంతాల పరిపాలన’ అని జతపరచుము కింద ఒక్క లైను.

ఇదంతా కాగితం మీదే అనుకుంటున్నారా? 1/70 ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? మన తాతలకి అక్షరం రాకపోయినా ‘వన్ సెవెంటీ’ అనే మాట వచ్చు. అది అసెంబ్లీలో పాసైన చట్టం కాదు. 1959లో గవర్నర్ చేసిన భూ బదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో చేసిన ఒకటో నంబరు సవరణ రెగ్యులేషన్. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని ముందుగా అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మడానికి లేదు. అంత గట్టి నిబంధన ఐదో పేరాలోంచే పుట్టింది. 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పులో ఇంకో అడుగు ముందుకేసి, ఈ రెగ్యులేషన్ దృష్టిలో ప్రభుత్వం కూడా ‘వ్యక్తి’ కిందకే వస్తుంది, కాబట్టి ప్రభుత్వమైనా సరే ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి, బొర్రా వైపు ఊళ్ల నుంచే. 2025లో 1/70ని సవరించాలన్న మాట బయటికి రాగానే మన్యంలో బంద్ జరిగింది. మంచిదే, జరగాలి. కానీ ఆ రోజు బంద్‌లో నిలబడ్డ మనలో ఎంతమందికి అది గవర్నర్ రెగ్యులేషన్ అని తెలుసు? దాన్ని ఎవరు, ఏ దారిలో మార్చగలరో తెలియకపోతే, రేపు ఎవరి గేటు ముందు కూర్చుంటాం?

ఇక్కడ పోయిన వారం గ్రూపులో జీవో 3 మీద జరిగిన గొడవ గురించి చెప్పాలి. కామెంట్లు అన్నీ చదివాం. సగం మంది కేంద్రం తీసేసింది అన్నారు. సగం మంది రాష్ట్రం అమ్మేసింది అన్నారు. ఒకరినొకరు పార్టీల పేర్లు పెట్టి తిట్టుకున్నారు. అన్నలూ, క్షమించండి, ఇద్దరిదీ తప్పే. షెడ్యూల్డ్ ప్రాంతం బడుల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో ఐదో పేరా కింద వచ్చిన ఉత్తర్వు అది. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకి విరుద్ధం అన్నది. ఐదో పేరా కింద గవర్నర్ ఉన్న చట్టం వర్తింపుని మార్చగలరు గానీ కొత్త చట్టం రాయలేరు, అదీ ప్రాథమిక హక్కులను దాటి పోకూడదు అన్నది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లని మాత్రం కదపలేదు.

ఆ తీర్పుతో మాకు గొడవ ఉంది. పెద్ద గొడవే ఉంది. ఒకటో తరగతిలో కోయ భాషో, కొండభాషో, సవర భాషో మాత్రమే వచ్చిన పిల్లాడి ముందు, ఆ భాష ఒక్క ముక్క రాని మాస్టారు నిలబడితే ఏమవుతుందో మేము బల్ల మీద కూర్చుని చూసినవాళ్లం. మాలో ఒకమ్మాయి మూడో తరగతి దాకా నోరు విప్పలేదు. మొద్దు అని రాసేశారు. తర్వాత వాళ్ల భాష వచ్చిన టీచరమ్మ వస్తే ఏడాదిలో క్లాస్ ఫస్ట్ వచ్చింది, ఇప్పుడు ఈ పోస్టులో అక్షర దోషాలు దిద్దుతున్నది ఆ అమ్మాయే. వాన పడితే వాగు దాటి రాని మాస్టారికీ, వాగు ఇవతల ఊళ్లోనే పుట్టిన మాస్టారికీ తేడా కోర్టు కాగితాల్లో ఎంత కనిపించిందో మాకు తెలియదు, మాకు మాత్రం రోజూ కనిపించింది. మాలో డీఎడ్, బీఎడ్ చేస్తున్నవాళ్లకి ఇది జీతం సంగతి కూడా, అది దాచుకోం.

అయినా సరే, కొట్టేసింది కోర్టు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘ఎవరు అమ్మేశారు’ కాదు. కోర్టు తప్పుపట్టిన పద్ధతి కాకుండా నిలబడే పద్ధతిలో కొత్తది తేవడానికి గిరిజన సలహా మండలి ఏ తేదీన కూర్చుంది, ఏం తీర్మానం చేసింది, అది గవర్నర్ దగ్గరికి వెళ్లిందా అన్నది ప్రశ్న. ఆ మండలిలో 20 మందికి మించి ఉండకూడదు. అందులో దాదాపు ముప్పావు వంతు అసెంబ్లీలోని మన ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. అంటే మనం ఓటేసి పంపినవాళ్లే. ఎన్నికల్లో మన సంతకి వచ్చి కొమ్ము డోలు మధ్య డ్యాన్స్ వేసి వెళ్లేవాళ్లని ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడిగారా? మేమూ అడగలేదు. ఫోటో దిగాం.

‘గవర్నర్ రబ్బరు స్టాంపే కదా, ఆయన్ని అడిగి ఏం లాభం’ అని సీనియర్ అన్న ఒకరు రాశారు. గవర్నర్ మంత్రివర్గం సలహాతో నడుచుకోవాలా, ఐదో షెడ్యూలులో సొంతంగా నిర్ణయించొచ్చా అన్న వాదన పాతదే. అది లాయర్లు తేల్చుకుంటారు. కానీ ఏటా రిపోర్టు పంపాలన్న దాంట్లో వాదనకి ఏముంది? పోయినేడు రిపోర్టులో మన మండలం గురించి ఏం రాశారు? డోలీల గురించి రాశారా? స్టాంపే అయితే, ఆ స్టాంపు ఏ కాగితం మీద పడిందో చూపించమందాం. సమాచార హక్కు చట్టం ఉన్నది అందుకే. కేంద్ర ఆఫీసుకైతే ఫీజు పది రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు.

ఇంకో వైపు అతి చేసేవాళ్లూ ఉన్నారు. ఐదో షెడ్యూలు ఉంది కాబట్టి కలెక్టర్‌కి మన ఊళ్లో అడుగు పెట్టే హక్కు లేదు, మనది వేరే ప్రభుత్వం అని వీడియోలు ఫార్వర్డ్ చేస్తున్నారు. అది నిజం కాదు. అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరాంలలో ఆరో షెడ్యూలు ఉంది. అక్కడ గిరిజనులకి సొంత జిల్లా మండళ్లు ఉంటాయి, కొన్ని విషయాల్లో అవే చట్టాలు చేస్తాయి. మనకి అది లేదు. ఉండాలని పోరాడితే అది వేరే మాట, మేమూ వస్తాం. లేనిదాన్ని ఉందని చెప్పి తమ్ముళ్లని కేసుల్లో ఇరికించొద్దు.

మనకి ఉన్నది గ్రామసభ. 1992లో 73వ సవరణతో దేశమంతా పంచాయతీలకి రాజ్యాంగ బలం వచ్చినప్పుడు, షెడ్యూల్డ్ ప్రాంతాలని పక్కన పెట్టారు. మనకి తగినట్టు వేరే చట్టం చేయాలని పెట్టారు, 1996లో పెసా వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి రూల్స్ రావడానికి 2011 దాకా పట్టింది. 15 ఏళ్లు! పార్లమెంటు చట్టం చేసినా రాష్ట్రం రూల్స్ రాయకపోతే అది ఊరికి చేరదు అనేదానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. భూసేకరణకు ముందు గ్రామసభని సంప్రదించాలి, చిన్న ఖనిజాల లీజుకి దాని సిఫారసు కావాలి, పథకాలకు లబ్ధిదారులని అదే ఎంపిక చేయాలి, ఖర్చు సరిగా అయిందని సర్టిఫికెట్ కూడా అదే ఇవ్వాలి. ఒడిశా నియమగిరిలో 2013లో సుప్రీంకోర్టు గనుల సంగతి గ్రామసభలకే వదిలితే, 12 గ్రామసభలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. గని ఆగింది. అక్కడ కూర్చున్నది మన అవ్వల్లాంటి అవ్వలే. మన దగ్గర గ్రామసభ అంటే ఏంటి? రిజిస్టరు ఇంటికొస్తుంది, వేలిముద్ర తీసుకుంటారు, వెళ్తారు. దేని మీద వేశారో వేసినవాళ్లకి తెలియదు. ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఆ రిజిస్టరు చదివి వినిపించమని అడగండి. చదవడం వచ్చిన మొదటి తరం మనమే, అది మన పనే.

హద్దుల సంగతి కూడా చెప్పి తీరాలి. మాలో ఇద్దరిది శబరి ఒడ్డు. వాళ్ల తాత ఇల్లు పుట్టినప్పటి నుంచి ఒకే చోట ఉంది. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం జిల్లా. 2014లో మళ్లీ తూర్పు గోదావరి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. తెలంగాణ ఏర్పడుతున్న రోజుల్లోనే పోలవరం ముంపు ఉందని ఆ మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ముందు ఆర్డినెన్స్, జూలైలో పార్లమెంటు చట్టం. భద్రాచలం పట్టణం మాత్రం అటే ఉండిపోయింది. సంతా, ఆసుపత్రీ, చుట్టాలూ ఒక రాష్ట్రం, రేషన్ కార్డు ఇంకో రాష్ట్రం. మూడో అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర అసెంబ్లీ అభిప్రాయం అడుగుతారు, వినాలని లేదు. 2014 జనవరిలో ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లుని తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు పాస్ చేసింది కదా. అసెంబ్లీ మాటకే ఆ గతి అయితే, ఊరి గ్రామసభని అడగాలన్న ఊసే ఆ అధికరణంలో లేదు. పోలవరం విభజన చట్టం ప్రకారం జాతీయ ప్రాజెక్టు. డబ్బు కేంద్రానిది, పనులు చేయించేది రాష్ట్రం, మునిగేది మనం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు గుట్టల మీద టార్పాలిన్ కింద ఉన్నవాళ్లు పునరావాసం గురించి అడిగితే, వచ్చిన ప్రతి నాయకుడూ రెండో ప్రభుత్వాన్ని చూపించాడు. మేము అక్కడే ఉన్నాం, విన్నాం.

‘ఇవన్నీ తెలుసుకుంటే గుడ్లు వస్తాయా’ అని మా పక్క రూమ్ తమ్ముడు అడిగాడు. వచ్చాయి తమ్ముడూ, చెప్తా విను. స్కాలర్‌షిప్ పడితేనే మా మెస్ బిల్లు కదిలేది. నాలుగు నెలలు పడలేదు. గుడ్డు ఆగింది, తర్వాత అరటిపండు ఆగింది, తర్వాత పప్పు నీళ్లయింది. ఒక ఆఫీసులో ‘కేంద్రం వాటా రాలేదు’ అన్నారు. మేము జెండాలు పట్టుకుని రోడ్డెక్కడానికి రెడీ అయ్యాం. అప్పుడు ఒకడు ఆగమన్నాడు. ఎస్టీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో మన రాష్ట్రాలకి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం ఇస్తాయి. అయితే ముందు పేర్లు పైకి వెళ్లాయా లేదా అడుగుదాం అన్నాడు. మూడు లైన్ల దరఖాస్తు రాశాం. మా పేర్లు ఏ తేదీన పంపారు, ఎంతమందివి పంపారు, ఎక్కడ ఆగాయి? లిఖితపూర్వకంగా జవాబు వచ్చింది. మా ఫైలు ఢిల్లీలోనూ లేదు, అమరావతిలోనూ లేదు. మేము చదివే కాలేజీ లాగిన్‌లోనే వెరిఫై కాకుండా పడి ఉంది. వారంలో కదిలింది. ఆ వారం ముందు ఢిల్లీని తిట్టుకుంటూ ధర్నా చేసి ఉంటే ఇంకో నాలుగు నెలలు పప్పు నీళ్లే తాగేవాళ్లం.

ధర్నాలు వద్దనడం లేదు. 1/70ని కోర్టు గదిలోనే కాదు, రోడ్డు మీద కూడా కాపాడారు. కానీ ఏ గేటు ముందు కూర్చోవాలో తెలిసి కూర్చుందాం.

కొండ మీది ఊళ్లో గ్రామసభ పెట్టాం. రిజిస్టరులో వేలిముద్రలు కాదు, తీర్మానం గట్టిగా చదివి, రెండుసార్లు చదివి, మన భాషలో చెప్పి సంతకాలు పెట్టించాం. సెక్షన్ 3(2) అని రాసి, కిలోమీటరున్నర, ఆరు మీటర్లు, చెట్ల లెక్క అన్నీ రాసి రేంజ్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాం. నలభై రోజులైంది, జవాబు లేదు. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కి ఆ రసీదు పట్టుకుని వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు తొమ్మిదింటికల్లా హాస్టల్ దగ్గరికి రండి. మీ ఊరికీ ఇలాంటి రోడ్డో, కరెంటు లైనో, అంగన్‌వాడీయో ఆగి ఉంటే, ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్ని చెట్లు అని కొలిచి కామెంట్‌లో పెట్టండి. తీర్మానం నమూనా తెలుగులో టైప్ చేసి ఉంచాం, పంపిస్తాం. జిరాక్స్ డబ్బులు మేమే వేసుకుంటాం.